గాలి కొట్టే చెయ్యి

అంగడి నడుమ, మాంటిళ్ల పొట్లం చేతిలో పట్టుకుని, గాజులామె చెప్పిన ఒక్క మాటకు నోరు తెరిచి నిలబడిపోయిన ఏలియాను పోయిన వారం మనం అక్కడే వదిలేసి వచ్చాం. అయ్యో పాపం అనుకున్న పాఠకులెవరైనా ఉంటే ఆ జాలిని కాస్త దాచిపెట్టుకోండి. ఈ వారం అతని నోటి దురుసు విన్నాక మిగిలితే అప్పుడు ఖర్చు పెడుదురు గాని.

ఏలియా అంటే గ్యాసు బత్తీల ఏలియా. కరెంటు తీగలు మంచిర్యాల దాకా వచ్చి ఆగిపోయిన రోజులవి. లక్సెట్టిపేట చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లయినా, ఏ ఊళ్లో జాతరయినా, చివరికి చర్చిలో క్రిస్మస్ ఆరాధన అయినా, వెలుగు కావాలంటే మిషన్ వాడలోని ఏలియా గడప తొక్కవలసిందే. అతని పెట్రోమాక్స్ బత్తీలు పందిట్లో కడితే పట్టపగలే. అందుకే అటు నేతపని దశరథం తన కూతురి పెళ్లికి వచ్చి అడిగాడు, ఇటు గుట్టకిందిపల్లె పటేల్ తన కూతురి పెళ్లికి కబురు పెట్టాడు. ఏలియా ఇద్దరికీ మాట ఇచ్చాడు. అక్కడే కొంప మునిగింది.

దశరథానికి కాబోయే అల్లుడు బొగ్గుబాయిలో పని చేస్తాడు. బాయిలో సెలవు తారీకు చూసి ఇస్తారు గనుక దశరథం తారీకే చెప్పాడు, మే తొమ్మిది అని. పటేల్ మనిషి మాత్రం వైశాఖ ఏకాదశి అన్నాడు. మిషన్ వాళ్లిచ్చిన క్యాలెండరులో ఆదివారాలుంటాయి, ఏకాదశులుండవు. పైగా నెలకు రెండు ఏకాదశులు. ఏదయ్యా అని నోరు తెరిచి అడిగితే పోయేది. కాని కిరస్తానపోనికి ఏకాదశి కూడా ఎరుక లేదని పదిమంది నవ్వుతారేమోనని మనవాడు అడగలేదు. సొంతంగా లెక్క కట్టాడు. వెన్నెల కాసే రాత్రికి ఏ తెలివిగలవాడైనా అన్ని బత్తీలు కట్టించుకుంటాడా? కట్టించుకోడు. కాబట్టి అది పున్నమి దాటాక చీకటి రాత్రుల్లో వచ్చే ఏకాదశి. ఆహా, ఏం లెక్క! ముహూర్తాలు పెట్టే అయ్యవారికి ఇతని వ్యాపారంతో ఏం పని? పెళ్లిళ్లు ఎక్కువగా పున్నమికి ముందు పక్షంలోనే పెడతారని నేతవాడలో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. నిన్న అంగట్లో గాజులామె, “ఎల్లుండి పటేల్ ఇంట్ల పెండ్లి, గాజులకు రమ్మన్నరు” అన్నప్పుడు గాని ఏలియాకు తెలియలేదు, ఆ ఏకాదశీ ఈ మే తొమ్మిదీ ఒకటేనని.

అంటే రేపే. రెండు పందిళ్లు, రెండు బరాత్‌లు, ఒకే రాత్రి.

బత్తీలకు కొదవ లేదు. సగం అటు, సగం ఇటు పంచినా చాలుతాయి. చాలనిది ఏలియా ఒక్కడే. ఎందుకంటే అతను తన బత్తిని ఇంకొకరి చేత ముట్టనివ్వడు. స్పిరిటు పోసి వేడి చెయ్యడం తనే, మంటలో తెల్లగా వెలిగే మాంటిల్ తిత్తి కట్టడం తనే, గాలి కొట్టడం తనే. బరాత్‌లో ఆడవాళ్లు బత్తీలు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తుంటే, ఏ బత్తి వెలుగు తగ్గి ఎర్రబడితే ఆ మనిషి, “అన్నా, గాలీ!” అని అరవాలి. ఏలియా పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె నెత్తి మీది బత్తికి గాలి కొట్టాలి. ఇంతలో వెనక నుంచి ఇంకొకామె, “అన్నా, గాలీ!” పెళ్లికొడుకు గుర్రం మీద పోతుంటే, పక్కన ఈ మనిషి చెమటలు కక్కుతూ ముందుకీ వెనక్కీ ఉరుకుతూ ఉండేవాడు. జనం పెళ్లికొడుకును వదిలేసి ఇతన్నే చూసి నవ్విన పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

రేపు రాత్రి ఒక్క పందిట్లో వెలుగు లేకపోయినా ఏలియా పేరు పోయినట్టే. మంచిర్యాల నుంచి ముత్యం అనే కొత్త ఆసామి కొత్త బత్తీలు కొనుక్కొచ్చి, ఎక్కడ సందు దొరుకుతుందా అని కాచుకుని ఉన్నాడు. పేరు పోతే పని పోతుంది. పని పోతే ఏలియా మళ్లీ ఒకరి వాకిట్లో నిలబడి చెప్పింది చేసే కూలీ. దానికన్నా చావు మేలనుకునే మనిషి అతను.

ఇదీ సంగతి. ఇక బుధవారం పొద్దున ఏం జరిగిందో చూడండి.

రాత్రంతా ఏలియా కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే మగ్దలేనమ్మ వాకిట్లో కూర్చుని బత్తీల చిమ్నీలు బూడిదతో తోముతూ ఉంది. ఆమె అతని భార్య. నోట్లోంచి మాట తక్కువ, చేతుల్లోంచి పని ఎక్కువ.

“రేపు ఎక్కడ పని? దశరథం ఇంటికేనా?” అని అడిగింది.

“అవ్.”

“ఇంకేమన్న ఉన్నదా?”

“ఉంటె నీకెందుకు? పొయ్యి సూస్కో పో. బత్తీల ముచ్చట నీకు ఎన్నిసార్లు చెప్పిన పట్టదా?”

మగ్దలేనమ్మ తోముతున్న చిమ్నీని పక్కన పెట్టింది. “పంపుల తోలు వాచర్లు ఎండకు ఎండిపోయి ఉండె. నూనెల నానేసిన,” అంది.

“ఎవలు నానెయ్యిమన్నరు?”

“ఎవలు అనలే. ఏటా ఎండకాలం నేనే నానేస్త. నీకిప్పుడు కనవడ్డది.”

ఏలియాకు చురుక్కుమంది. ఎండాకాలంలో అందరి పంపులూ మొరాయిస్తే తన పంపులు మాత్రం గట్టిగా గాలి పడతాయని, అది తన చేతి చలువ అని ఊరూరా చెప్పుకున్న మనిషి. ఇప్పుడు భార్యకు మంచిమాట చెప్పాలా, తిట్టాలా? అతనికి వచ్చింది తిట్టడమే. “ఇంకోసారి నన్నడుగకుంట ముట్టినవనుకో, చేతులు ఇరగ్గొడుత,” అని తువ్వాల భుజాన వేసుకుని బయటపడ్డాడు. రెండు పెళ్లిళ్ల మాట భార్యకు చెప్పలేదు. చెబితే, మరి ఏం చేద్దామని ఆమె అడుగుతుంది. దానికి జవాబు అతని దగ్గర లేదు.

జవాబు నిజానికి ఒకటుంది. అది సమ్మక్క. ఆమె దగ్గరికి పోవాలంటేనే అతనికి మనసొప్పలేదు.

సమ్మక్క బత్తీలు మోసే ఆడవాళ్లకు పెద్ద. ఏ పెళ్లికి ఎంతమంది కావాలన్నా ఆమెకు చెబితే ఆమె తీసుకొస్తుంది. ఏలియాదీ ఆమెదీ ఒకే వాడ, ఒకే చర్చి. పోయినేడు వానకాలం ముందు ఒక నూనె వ్యాపారి కొడుకు బరాత్‌లో ఆమె నెత్తి మీది బత్తి ఎర్రబడింది. ఏలియా చివరి వరసలో ఉన్నాడు. అరిచి అరిచి వేసారిపోయిన సమ్మక్క బత్తి కిందికి దించి తనే గాలి కొట్టింది. బత్తి భగ్గుమని తెల్లగా వెలిగింది కూడా. ఏలియా ఉరుక్కుంటూ వచ్చి ఆమె చెయ్యి విదిలించి కొట్టి, అంతమంది నడుమ, “ముట్టకు! నీ చెయ్యి తగిల్తె నా బత్తి కరాబైతది!” అని అరిచాడు.

ఆ తర్వాత సమ్మక్క అతని బత్తి మోయలేదు. మిగిలిన ఆడవాళ్లు అవసరం కొద్దీ వచ్చారు గాని, వాళ్లు కూడా ఏలియాతో మాట్లాడడం మానేశారు. “గాలీ” అనే ఆ ఒక్క కేక తప్ప.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఏలియా బీడీలు చుట్టే తునికాకు కల్లం దగ్గర తేలాడు. అడవి నుంచి తెచ్చిన ఆకును వాడ ఆడవాళ్లు పాక నీడన కూర్చుని కట్టలు కడుతున్నారు. అతన్ని చూడగానే మాటలు ఆగిపోయాయి, చేతులు మాత్రం ఆగలేదు. నడుమ కూర్చున్న సమ్మక్క తలెత్తలేదు.

“ఏం మేస్త్రీ, తొవ్వ తప్పినవా?” అంది.

“సమ్మక్కా, నీతోని జర మాట్లాడాలె. అటు రా.”

“ఇక్కడ్నే మాట్లాడు. నన్ను తిట్టేటప్పుడు అటు రమ్మన్నవా? మంది నడుమనే తిట్టినవ్ గద.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఏలియా నవ్వినదెవరో చూడకుండా గొంతు సవరించుకున్నాడు. “రేపు గుట్టకిందిపల్లె పటేల్ ఇంట్ల పెండ్లి. బత్తీలు అక్కడికి పోవాలె. నేను దశరథం ఇంటికాడ ఉంట. నీ మందిని తీస్కొని నువ్వు పటేల్ ఇంటికి పో. అందరిచ్చే దానికంటె ఎక్కువనే ఇస్త.”

“మరి గాలి ఎవలు కొడుతరు?”

“అదే…”

“అదే అంటె?”

“నువ్వే కొట్టు.”

“ఏందీ? ఇనవడలే. లస్మవ్వా, నీకేమన్న ఇనవడ్డదా?”

పక్కనున్న ముసలి లస్మవ్వ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఏమో బిడ్డా, నాకు అసలే చెముడు,” అంది. ఈసారి అందరూ నవ్వారు.

“నువ్వే కొట్టుమంటున్న!” అని అరిచాడు ఏలియా. “ఎన్నిసార్లు చెప్పాలె?”

“నా చెయ్యి తగిల్తె కరాబైతది గద మల్ల?”

“ఇంకెన్నొద్దులు పట్కొని ఊగులాడ్తవ్ గా ముచ్చట? కోపంల ఒక మాట వచ్చింది. బత్తి నాది. పగిల్తె నష్టం నాది. గందుకే అన్న.”

సమ్మక్క చేతిలోని ఆకు కట్ట కింద పెట్టింది. అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపుకు ఏలియా ఒక అడుగు వెనక్కి వేశాడు.

“గా మాట పటేండ్లు అంటె మనకు కొత్త గాదు,” అంది. “పుట్టినప్పటి సంది ఇనుడే. బాయి ముట్టకు. బిందె ముట్టకు. అరుగు ముట్టకు. వాళ్లు అనంగ ఇన్న, కడుపుల వెట్టుకున్న. కని నువ్వు అన్నవ్ సూడు. మా బాపు నీ బాపు ఒక్క నాడే చర్చిల బాప్తిస్మం తీస్కున్నరు. నువ్వూ నేనూ ఒక్క సాప మీద కూసుండి పాటలు నేర్సుకున్నం. గసొంటి నీ నోట్లకెళ్లి వచ్చింది, ముట్టకని. పెండ్లోళ్లు ఇన్నరు. ఇని నవ్విండ్రు. వీళ్లల్ల వీళ్లకే అంటుముట్టు ఉన్నది సూడుండ్రి అని నవ్విండ్రు. నువ్వు ఇనలే. గాలి కొడుతున్నవ్ నువ్వు.”

నిజానికి పోయినేడు ఆ మాట పెదవి దాటిన క్షణమే అది ఎవరి మాటో ఏలియాకు తెలిసింది. తన తండ్రిని పటేల్ వాకిట్లో ఆ మాటే అంటుంటే చిన్నప్పుడు విన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు ఆ రాత్రి. కాని సిగ్గుపడ్డట్టు పైకి కనిపిస్తే చులకనవుతానని మరింత గట్టిగా అరిచాడు. ఇప్పుడూ సిగ్గేసింది, ఇప్పుడూ అరవాలనే అనిపించింది. ఏం చేస్తాం, మనిషి తత్వం అది.

“గీ బత్తీలు నాకు ఎవలన్న ఊకెనే ఇచ్చిండ్రా?” అన్నాడు గొంతు పెంచి. “మిషన్ బంగ్లల లాంతర్లు తోముకుంట పెరిగిన. పారేసిన పాత బత్తి ఏరుకొచ్చి బాగు చేసుకున్న. ఒక్క బత్తి నుంచి ఇంత దాక తెచ్చిన. ఎవల సాయం లేదు. ఒక్కణ్ని చేసిన, ఒక్కణ్ని!”

“ఒక్కనివే?” సమ్మక్క లేచి నిలబడింది. “మరి మా నెత్తులు ఎవలియిరా? ఆ మంటకు మాడు కమిలి, గ్యాసునూనె కారి మెడలు బొబ్బలెక్కినయి ఎవలియి? నీయేనా?”

“ఏ…” అని ఏదో అనబోయాడు ఏలియా. అంతలో సైకిలు గంట మోగింది.

వచ్చింది హనుమండ్లు. పటేల్ దగ్గర గుమాస్తా. అతను వాడలోకి వచ్చాడంటే మంచికి కాదని అందరికీ తెలుసు. ఆడవాళ్లు గబగబా లేచి నిలబడ్డారు. హనుమండ్లు సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, నీడలోకి కూడా రాకుండా అక్కడి నుంచే మాట్లాడాడు.

“ఏందిరా ఏలిగా? ఒక్కనాడు రెండు పెండ్లిళ్లు ఒప్పుకున్నవట?”

“అయ్యా, జర గడబిడ అయింది.”

“నీ గడబిడ నాకెందుకు? పటేల్ ఒక్కటే అడిగి రమ్మన్నడు. రేపు పొద్దుగూకేసరికి నువ్వు మా పందిట్ల ఉంటవా, ఉండవా? ఉంటె ఆ మగ్గం నేసే సాలోళ్ల పెండ్లి ఇడిసిపెట్టు. వాళ్లు చీకట్ల జేసుకుంటరో, కందిళ్లు పెట్టుకుంటరో వాళ్ల తిప్పలు. ఉండకుంటె గిప్పుడే చెప్పు, ముత్యం బండి తయారున్నది. కని యాదుంచుకో. ముత్యం బత్తి ఒక్కసారి మా పందిట్ల ఎక్కిందంటె, ఈ దిక్కు ఏ ఊర్ల నీ బత్తి ఎక్కది. ఎక్కనియ్యం.”

ఉంటానంటే చాలు. ఏలియా నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. ఒక్క మాటతో గండం గట్టెక్కుతుంది. దశరథం ఏం చేస్తాడు? నెత్తి కొట్టుకుంటాడు, అంతే. బొగ్గుబాయిల దగ్గర కరెంటు చూసిన వియ్యాలవారు చీకటి పందిట్లో కూర్చుని ఆ ముసలి నేతగాణ్ని దెప్పి పొడుస్తారు. ఏలియా దగ్గర ఒకే ఒక్క బాగుచేసిన బత్తి ఉన్న రోజుల్లో, నమ్మి మొదటిసారి పిలిచిన మనిషి ఆ దశరథమే. ఆ సంగతి గుర్తొచ్చి ఏలియా నాలుక చివరి మాట మింగేశాడు. పక్కన సమ్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని అతన్నే చూస్తోంది.

“బత్తీలు వస్తయయ్యా,” అన్నాడు చివరికి. “టైముకు వస్తయి. నేను రాను. మేస్త్రిగ సమ్మక్క వస్తది.”

అనేశాడు. అనేసి, ఎంత గొప్ప పని చేశానో అని ఛాతీ కాస్త విరుచుకున్నాడు కూడా. పటేల్ మనిషి ముందు ఒక ఆడమనిషిని మేస్త్రి అన్నాడు! పోయినేటి తప్పు ఈ దెబ్బతో కడిగేసుకున్నట్టే అనుకున్నాడు.

హనుమండ్లు సమ్మక్క వైపు చూశాడు. ఆమె చూపు దించుకుంది. హనుమండ్లు మీసాల కింద నవ్వు మొదలై, సైకిలు ఊగేటంత నవ్వు అయింది. తిడతాడనుకుంటే ఈ నవ్వేమిటో ఏలియాకు అర్థం కాలేదు.

“సమ్మక్కనా? అరే, ఆమెను అడిగినవారా నువ్వు?”

“అడుగుడేందయ్యా, మా వాడ మనిషే గద.”

“మీ వాడ మనిషే!” హనుమండ్లు కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. “మంచిగున్నది. నువ్వయితె రానట్టే గద? గంతే కావాలె నాకు. పటేల్‌కు అదే చెప్త.” సైకిలు తిప్పుకుని, నవ్వుకుంటూనే వెళ్లిపోయాడు.

ఏలియా సమ్మక్క వైపు తిరిగాడు. మెప్పు కోసం తిరిగాడని వేరే చెప్పాలా? ఆమె ముఖం చూసి ఆ ఆశ కాస్తా ఆరిపోయింది.

“ఎవల్ని అడిగి చెప్పినవ్ నా పేరు?” అంది సమ్మక్క పళ్లు బిగించి.

“అదేంది? పటేల్ మనిషి ముంగట మేస్త్రి అన్న. పెద్దరికం ఇచ్చిన గద నీకు!”

“నువ్విచ్చినవా? నేను అడిగిన్నా? నువ్వు నన్ను అడిగినవా? వచ్చినకాడి నుంచి పో అంటున్నవ్, కొట్టు అంటున్నవ్, తీస్కొని పో అంటున్నవ్. నాడు ముట్టకు అన్నది నీ నోరే, నేడు ముట్టు అన్నది నీ నోరే. నడుమ నేనొక మనిషినున్న, నాకు ఇష్టమున్నదా లేదా అని ఒక్కసారన్న అడిగినవా?” ఆమె సైకిలు పోయిన దిక్కు చెయ్యి చూపింది. “వాడు ఎందుకు నవ్విండో ఎరుకేనా నీకు? మొన్న ఆయితారం చర్చి అయినంక ముత్యం వచ్చి మాకు వక్కాకు ఇచ్చి, పనికి మాట తీస్కొని పోయిండు. వాని పక్కనే ఉన్నడు గీ హనుమండ్లు. రేపు పటేల్ బరాత్‌ల ముత్యం బత్తీలు మోసేది మేమే.”

“ఆయితారమా?” అన్నాడు ఏలియా. “రెండు పెండ్లిళ్లు ఒక్కనాడే అని నాకే నిన్న ఎరుకయింది.”

“సాలోళ్ల వాడల అందరికి ఎరుక. పటేల్ ఇంట్ల ఎరుక. మాకు ఎరుక. అందరికి ఎరుక, నీకే లేదు. నువ్వు ఎవల్ని ఏమీ అడుగవ్. నీకు ఎవలు చెప్తరు?”

ఏలియా అంతసేపూ నిలబడే ఉన్నాడు. ఇప్పుడు ఆకు చెత్త మీదే, ఆ ఆడవాళ్ల ముందే చతికిలబడ్డాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గాని రాలేదు. పందిట్లోంచి దిగిపోయిన తన బత్తీలు, వాకిట్లో కూలి కోసం నిలబడ్డ తను, ఇవే కళ్ల ముందు కదిలాయి. భయమేసింది. నిజంగా, పిల్లవాడికి వేసినట్టు భయమేసింది.

“సమ్మక్కా,” అన్నాడు. “నాతోని అయితలేదు. ఏకాదశి ఏదో నాకు ఎరుక లేకుండె. అడుగుతె నవ్వుతరని అడుగలే. నిన్ను నాడు అన్నది పాడు మాట. అది కోపంల వచ్చింది గాదు, నా పెద్దతనం నేను సూపెట్టుకున్న. రెండు తావుల నేనొక్కణ్ని ఉండలేను. నాకు సాయం కావాలె. జేస్తవా?”

లస్మవ్వ నిట్టూర్చింది. “ఏకాదశి ఏదని నన్నడుగుతె అయిపోవు గదరా కొడుకా,” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సమ్మక్క మళ్లీ ఆకు ముందు కూర్చుంది. ఆమె కోపం తగ్గిందని అనుకోకండి. తగ్గలేదు. కాని అరవడం మానేసింది.

“గీ మాట ఆయితారం నాడు వచ్చి అంటే ముత్యాన్ని అటే ఎల్లగొడుదును,” అంది. “ఇప్పుడు మాటిచ్చిన. నేను మాట తప్ప. రేపు నా నెత్తి మీద ముత్యం బత్తే ఉంటది.”

“మరి నేనేం చెయ్యాలె?”

“నన్ను అడిగితే లాభం లేదు. ముత్యం తెచ్చుకున్న మేస్త్రిని అడుగు. బత్తీలు కొన్నడు గని ముత్యానికి మూసుకపోయిన బత్తి బొక్కల పిన్ను గుచ్చుడు రాదు, మాంటిల్ కట్టుడు రాదు. ఆమె ఉన్నదని ధైర్యంతోనే పటేల్ పెండ్లి ఒప్పుకున్నడు. పందిరి ఎనుక కొట్టంల కూసుండి బత్తీలు ముట్టిచ్చేది ఆమె, తెచ్చి కట్టేది ముత్యం. ఆమె రానన్నదంటె ముత్యం బత్తీలు ఒక్కటి ఎలగయి. అప్పుడు పటేల్ మల్ల నీ దిక్కే సూడాలె. మాకు కూడ మోసెటందుకు నీ బత్తీలే దొరుకుతయి.”

“ఆమెనా? ఎవలామె? ఈ దిక్కు బత్తి పని ఎరుకున్న ఆడిది ఎవలున్నరు?”

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పోయినేడు నాకు గాలి కొట్టుడు ఎట్ల వచ్చిందనుకున్నవ్?” అంది సమ్మక్క. “నువ్వు నేర్పినవా? నువ్వు లేనప్పుడు నీ వాకిట్ల కూసుండి నేర్సుకున్న. ఆమె నేర్పింది. వీళ్లందరికి నేర్పింది. నీకు తెలిస్తె చేతులు ఇరగ్గొడుతవని మేమెవ్వలం నోరు తెరువలే.”

ఏలియా ఒక్క ఉదుటున లేచాడు. తువ్వాల జారి ఆకుల్లో పడినా చూసుకోలేదు.

“పో, అడుగు,” అంది సమ్మక్క వెనక నుంచి. “కని ఒకటి ఇను. నా కోపం ఒక్క యాడాదిది. ఆమెది నీ పెండ్లినాటి సంది ఉన్నది.”

ఎండలో కాళ్లు కాలుతున్నా ఏలియా ఉరికాడు. సందు మలుపులో ఎడ్లబండి ఆగి ఉంది. ముత్యం పంపిన బండి. గడ్డి పరిచి, కొత్త బత్తీలు నిలబెట్టి, కదలకుండా తాళ్లతో కట్టారు. వాటి పక్కన మగ్దలేనమ్మ కూర్చుని ఉంది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఒళ్లో చిన్న మూట.

“ఎక్కడికి?” అన్నాడు ఏలియా రొప్పుతూ.

“పనికి.”

“ముత్యం పనికా? నా ఇంట్ల ఉండి, నా తిండి తిని…”

“నీ తిండా?” మగ్దలేనమ్మ అరవలేదు. ఆమె ఎప్పుడూ అరవలేదు. “పొద్దుగాల అడిగిన, దశరథం ఇంటికేనా, ఇంకేమన్న ఉన్నదా అని. పటేల్ పెండ్లి ఒప్పుకున్న అని ఒక్క మాట చెప్పినవా? చెప్తె ఈ బండి ఎక్కకపోదును. పొయ్యి సూస్కొమ్మన్నవ్. నాకు వచ్చిన పని నా ఇంట్ల పనికి రాలే. బయటోడు వచ్చి, అమ్మా, నీ చేతి పని ఇన్న, జర సాయం రా అని అడిగిండు. చేతులు జోడిచ్చి అడిగిండు. పదారేండ్లల్ల నన్ను ఒకలు అడుగుడు అదే మొదలు. ఒప్పుకున్న.”

ఏలియా బండి చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. దిగు అనబోయాడు. ఆ మాట నోటి దాకా వచ్చి, సమ్మక్క ముఖం గుర్తొచ్చి, గొంతులోనే ఉండిపోయింది. ఇంకో మాట ఉంది. ఇందాక ఆకు చెత్తలో కూర్చుని అన్నదే. పదిమంది పరాయి ఆడవాళ్ల ముందు అనగలిగిన ఆ మాట, ఈ ఒక్క మనిషి ముందు నాలుక తిరగలేదు.

బండివాడికి ఓపిక నశించింది. “అక్కా, పొద్దు వాలుతున్నది. పోనియ్యాల్నా?” అన్నాడు ములుకర్ర ఎత్తి.

“జర ఆగు తమ్మీ,” అంది మగ్దలేనమ్మ, ఏలియా ముఖంలోకే సూటిగా చూస్తూ. “ఈయిన నన్ను ఏందో అడిగేటట్టున్నడు. నోరు రాకుంటె పోనియ్యి.”